బాలమ్మ గోడ మీద గీత

1968 జూలై, మంగళవారం. ఉప్పల్.

ఇవాళ మా ఇంజనీరింగ్ పిల్లల్ని నాచారం చెరువు కింద ఉన్న ఇళ్లకు తీసుకెళ్లాను. చెరువు పొంగితే ఏ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో లెక్కగట్టి, గోడల మీద సుద్దతో గీతలు గీశారు. అక్కడ ఉండే బాలమ్మ ఇంట్లో గీత సరిగ్గా బియ్యం కుండ పెట్టిన చెక్క కిందికి వచ్చింది.

ఆమె నవ్వింది. "పోయినసారి నీళ్లు గక్కడిదాకనే వచ్చినయ్ బిడ్డా. గందుకే కుండ మీద వెట్టిన."

పిల్లల మొహాలు చిన్నబోయాయి. నాకు మాత్రం భలే కుతూహలం కలిగింది. ఎత్తు ఈమెకు ముందే తెలుసు, మరి మా వల్ల ఈమెకేం కావాలి? అదే అడిగాను.

"మొగోళ్లు నైట్ డ్యూటీకి పోతరు సారూ. నీళ్లొస్తే ఎవల్ని ఎవలు లేపాలె? గది రాయుండ్రి."

ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఒక్కసారీ తట్టలేదు! మా పిల్లల్లో శంకర్ అక్కడే కూర్చుని, చేతిలోని మ్యాపు వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాడు. బాలమ్మను లేపేది పక్కింటి లచ్చమ్మ, లచ్చమ్మను లేపేది ఆమె కోడలు. చివరి ఇంట్లో ఎల్లయ్య ఒక్కడే ఉంటాడు. ఆయనకు చెవుడు, పైగా లోపల గడియ పెట్టుకుని పడుకుంటాడట.

ఆయన కాలికి తాడు కట్టి, కిటికీలోంచి లాగి లేపాలా అని పిల్లలు బస్సులో దారిపొడుగునా వాదించుకున్నారు. ఇప్పటికీ ఆయన పేరు పక్కన ఖాళీయే.

అన్ని గోడల్లోకీ మా గీత ఎత్తుగా ఉన్నది ఆయన గోడ మీదే.