బుచ్చమ్మ పాటకు వేసిన తాళం

కోదాడ

చిరంజీవి సందీప్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. పుణేలో నువ్వూ బాగున్నావనుకుంటాను. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నా ల్యాప్‌టాప్ డిస్కును వేరే మెషీన్‌లో పెట్టి చూడొచ్చుగా అని కిందటి మెయిల్‌లో అడిగావు. చూశాం. కాలిపోయిన మదర్‌బోర్డును సూర్యాపేటలో మార్చి, పాతది తుక్కులో పడేశారు. ఆన్ చేస్తే రికవరీ కీ అనే పొడుగాటి నంబరు అడిగింది. మిర్యాలగూడ తీసుకెళ్లి ఇంకో మెషీన్‌లో పెట్టించినా అదే అడిగింది.

అక్కడి షాపతను చెప్పాడు: "డిస్క్ ఖరాబ్ కాలే మేడం. అండ్ల ఉన్నదంత తాళమేసిన రాత. దాని తాళంచెవి పాత బోర్డు మీది చిప్పుల ఉండె. ఆన్ చేసినప్పుడల్లా మెషీన్ల ఏం మారలేదని చూసుకొని, ఆ చిప్పే తాళం తీస్తుండె. బోర్డుతోని అదీ పోయింది. ఇగ రికవరీ కీ ఒక్కటే దిక్కు. మొదలు ఎవరి అకౌంట్‌తోని పెట్టిన్రో అండ్ల ఉంటది."

ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నీ అకౌంట్‌తోనే పెట్టావు. ఉద్యోగం మారాక ఆ అకౌంట్ తీసేశానని నువ్వే చెప్పావు. తాళం సేఫ్టీ కోసమే వేశానంటావు, తెలుసు. నా ల్యాప్‌టాప్‌కు తాళం ఉందని నాకొక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకునేదాన్ని కదా. నీ మీద కోపంగానే ఉంది, దాచుకోను.

చిలుకూరు బడిలో పనిచేసినప్పుడు, నాట్లేస్తూ బుచ్చమ్మ పాడిన పాటలన్నీ రికార్డు చేసి అందులోనే పెట్టాను. ఆమె పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. తల్లి జ్ఞాపకార్థ కూడికలో ఆ పాటల్లో ఒకటి వినిపించాలని బుచ్చమ్మ కూతురు ఏసమ్మ అడిగినప్పుడల్లా, "రిపేర్‌లో ఉంది, వస్తుంది" అని అబద్ధమాడాను. మొన్న కూడికకు ఆమె కిరాయికి స్పీకర్ కూడా తెప్పించింది. చుట్టాలందరి ముందు నిజం చెప్పక తప్పలేదు. ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకెళ్లినా లోపలున్నది దక్కకుండా తాళం వేశారని, ఆ తాళంచెవే పోయిందని చెప్పాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. స్పీకర్ వైరు చుట్టుకుంటూ అడిగింది: "మా అమ్మ పాట ఎవలెత్తుకపోతరని తాళమేసిన్రు టీచరమ్మా? పొలంల అందరికి ఇనబడేటట్టే పాడె గదా."

ఏసమ్మకు జవాబు నువ్వే వచ్చి చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ
కౌసల్య