మన ఒడ్డు ముడి

2003 మే, మంగళవారం

మధ్యాహ్నం టీవీలో చూసిన సినిమా గుండెల్లోంచి పోవడం లేదు. పెద్ద పట్నంలో కాగితాల్లేని మనుషులు దాక్కుని బతుకుతారు. పోలీసులు రాగానే ఇంటావిడే భయపడి వాళ్లను చూపించేసింది. అచ్చం నాలాంటి పిరికిది.

మా వెనక గదిలో అద్దెకుంటున్న కరీంకీ కాగితాల్లేవు. బంగ్లాదేశ్ నుంచి వచ్చాడని నాకొక్కదానికే తెలుసు. ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేస్తాడు. సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అమ్మా, బోటు నడిపే సరంగు వలకి నేనేసిన ముడి చూశాడు. 'ఇది మన ఒడ్డు ముడి కాదు బావా, ఏ దేశమేటి నీది?' అని నవ్వాడు."

రేపు హార్బర్‌కి పోలీసులొస్తారట. పనివాళ్లలో బయటిదేశం వాళ్లెవరో సరంగులే వాళ్లకి చూపించాలట. దాచినందుకు నన్నూ పట్టుకుపోతే? బీపీ మాత్ర వేసుకున్నాను. తర్వాత, ఒకప్పుడు నేనే ముడులేసిన మా ఆయన పాత వల తీసి కరీం ముందు పరిచాను.

"నాను సెప్పినట్టు సెయ్యి. దారం రెండు సుట్లు తిప్పి, కిందనుంచి లాగు. అవి సేతులేనా, సీపురుకట్టలా?"

గంటసేపు తప్పులే వేశాడు. తర్వాత కుదిరింది. కానీ భయంలో చెయ్యి పాత ముడికే పోతే... అందుకే రేపు నేనూ హార్బర్‌కి వెళ్లి వాడి పక్కనే కూర్చుని వల కడతాను. ఎవరడిగినా మా మనిషేనంటాను. గొంతు తడబడితే తడబడనీ.