నన్ను మంచులోనే ఉంచండి

హైదరాబాదు నాంపల్లిలో ఉంటున్న రామచందర్ అనే నేను, వయస్సు నలభై ఆరు, ఎల్లుండి బొంబాయి రైలెక్కి, అక్కడి నుంచి ఓడలో దక్షిణ ధ్రువ ఖండానికి నాతో కలిపి ఐదుగురి సర్వే బృందాన్ని తీసుకుపోతున్నాను. ఒంట్లో జబ్బు లేదు, మతి నిలకడగా ఉంది, ఎవరూ బలవంతపెట్టలేదు. నేను తిరిగి రాకపోతే ఈ వీలునామాను మా అన్న బాలకిషన్ అమలు చేయాలి.

1. నాంపల్లి ఇల్లు, బ్యాంకులో ఉన్నదీ నా భార్య ప్రభావతికి సర్వహక్కులతో చెందుతాయి.

2. ఇంటి వెనక గదిలో పూలమ్మ బతికినంత కాలం కిరాయి లేకుండా ఉండాలి. ఆమె కొడుకు మల్లయ్య తొమ్మిదేళ్ల కిందట హిమాలయాల్లో నా బృందానికి వంట చేస్తూ మంచు చీలికలో పడి చనిపోయాడు. శవం పైకి కనిపిస్తూనే ఉంది. ముగ్గురు తాళ్లతో దిగుతామన్నారు. చీలిక అంచు విరుగుతున్నది కనుక వద్దన్నాను. "కండ్ల ముంగట ఉన్న పిలగాన్ని గాడ్నే ఇడిచి ఎట్లొచ్చినవ్ సారూ?" అని పూలమ్మ అడిగింది. కారణం చెప్పాను, విన్నది. కొడుకు గొంగడిని పాతిపెట్టి దినాలు చేసింది. నేను చేసింది సరైనదేనని ఈనాటికీ అనుకుంటాను. ఆమె ముందు ఆ మాట ఎన్నడూ అనలేదు.

3. అన్నకు నా పాత ఉన్ని కోటు. "మంచు కోసం గంత దూరం ఎందుకుర, ఆబిడ్స్‌ల ఐస్‌ఫ్రూట్ దొరుకుత లేదా?" అని ప్రతి పెళ్లిలోనూ పదిమందిని నవ్వించినందుకు. మే నెలలో తొడుక్కోవచ్చు.

4. అన్న కూతురు శశికళకు నా దుర్బిణి. మిద్దె మీద నుంచి రైళ్లు చూడటానికి నన్ను అడగకుండానే తీసుకునేది. ఇక అడగనక్కర్లేదు.

5. ఈ వీలునామా రాస్తున్నది ముఖ్యంగా ఈ అంశం కోసం. నా తర్వాత బృందం బాధ్యత ప్రభావతి తమ్ముడు శ్యామ్‌సుందర్‌ది. మొన్న ఆమె అతని చేయి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. "బావ పాణంతోని రాకుంటే, ఎట్లున్నా సరే తీసుకరావాలె. ఉత్త చేతుల్తోని ఇంటికి రాకు" అంది. అతను సరేనన్నాడు.

అక్కడ ఒక శవాన్ని మంచు మీద జారే బండిలో లాగాలంటే మిగిలిన నలుగురూ కావాలి. నడక సగమైపోతుంది, తిండి, కిరోసిన్ దారిలోనే అయిపోతాయి. ఒక చావు ఐదు చావులవుతుంది.

అందుచేత నేను అక్కడ చనిపోతే అక్కడే ఉంచాలి. శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన పురోహితుడికి తెలుసు, అది చాలు. శ్యామ్‌సుందర్ నేను లేకుండా తిరిగివస్తే ఈ ఇంట్లో ఎవరూ ఎందుకని అడగకూడదు. లోపలికి పిలిచి అన్నం పెట్టాలి. పూలమ్మ గడప బయట నేను నిలబడ్డట్టు అతను నిలబడకూడదు.

రైలు కదిలేలోపు ప్రభావతి ఇది చదివి ఆ ఒట్టు తీసేయాలి. తీయకపోతే అతన్ని వెంట తీసుకుపోను. చనిపోయినవాడి కోసం ఆగే మనిషికి బతికున్నవాళ్లను అప్పగించలేను.

ఇది నేనే రాసి, సాక్షుల ఎదుట చదివి సంతకం చేశాను.

నాంపల్లి, 21 అక్టోబరు 1973
(సం.) రామచందర్

సాక్షులు:
రాధాకృష్ణమూర్తి, వకీలు, ఆబిడ్స్
వెంకటేశం, గడియారాల దుకాణం, నాంపల్లి

ఐదో అంశం చదివిన. ఒట్టు తీసేస్తున్న. శ్యామూ, నువ్వు ఒక్కనివే వచ్చినా అన్నం పెడ్త. పాణం ఉన్నంతసేపు మాత్రం బావను ఇడువకు.
(సం.) ప్రభావతి