తనంతట తానే దరువేసే డబ్బా

శనివారం, ఆషాఢం, 1986

నేడు మా ఆర్కెస్ట్రా పత్తర్‌గట్టిలో కళామతల్లికి రక్తాభిషేకం చేసింది.

బోనాల ప్రోగ్రాం కోసం ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొందామని పాత వాయిద్యాల దుకాణానికి వెళ్ళాం. మా చందాకు రెంటిలో ఒకటే వస్తుంది: కర్రలతో కొట్టే ప్యాడ్లు, లేదా బటన్ నొక్కితే తనంతట తానే దరువేసే డబ్బా. పాటగాడు మల్లేశ్ డబ్బా నొక్కి మురిసిపోయాడు.

"గిదే తీసుకుందాం. టైముకొస్తది, అలగది, చాయ్ అడగది."

మా డ్రమ్మర్ యాదగిరి మొహం నల్లబడింది. "మరి నేనేం జెయ్యాలె బే?"

"బటన్ నొక్కు."

యాదగిరి పిడికిలి మల్లేశ్ మూతి పగలగొట్టింది. మల్లేశ్ వాడి జుట్టు పట్టి తలను గోడకేసి బాదాడు. విడదీయబోయిన బి.ఏ. పట్టభద్రుడికి, అనగా నాకు, ఇద్దరూ పక్షపాతం లేకుండా వడ్డించారు. ఆపే నాథుడు లేక డబ్బా దరువేస్తూనే ఉంది. తన్నులు ఎక్కడా తాళం తప్పలేదు.

"బాహర్ జాకో మరో!" అని, చస్తే బయటికెళ్ళి చావమంటూ దుకాణం సేటు కర్ర తీశాక విడిపోయారు.

మల్లేశ్ రక్తం ఉమ్మి అన్నాడు: "ప్యాడ్లే కొనుర్రి. వాణ్నే కొట్టనియ్యుర్రి."

యాదగిరి నవ్వుతూ డ్రమ్ కర్ర అందుకున్నాడు. వేళ్ళు ముడుచుకోలేదు. కర్ర కిందపడింది.

"వచ్చే ఆదివారం ప్రోగ్రాం దాంక తగ్గుతది గదరా?" అని ఆసుపత్రి నుంచి ఛత్రినాకలో వాడింటి దాకా ఆటోలో అడుగుతూనే ఉన్నాడు.

"తగ్గుతది" అన్నాను. చేతిలో ఎముకలు విరిగాయని డాక్టర్ నాకొక్కడికే చెప్పాడు. రేపు పొద్దున్నే ప్రాక్టీసుకు వస్తానన్నాడు యాదగిరి...