ఆరో గీత

12-6-83, ఆదివారం

కోటిగా, నా బంగారూ,

మార్గళి నెల జ్వరంలో నువ్వు పోయినప్పటి నుంచి ఈ అమ్మకు నడుము లేవడం లేదు. ముద్ద దిగడం లేదు. మీ అక్క వనజ ఊరుకోలేక తిరువళ్ళూరులో ధర్మలింగం డాక్టరుకు చూపించింది. ఆయన నెత్తురు తీయించి టెస్టుకు పంపించినాడు.

నిన్న రిపోర్టు వచ్చింది. వేలెడు కాగితం, దాని మీద నీలం గీతలు. మనుషుల నెత్తురులో ప్రోటీన్లు ఐదు గీతలుగా పడతాయట. నాకు ఆరు. ఆ ఆరోది ఉండకూడని ప్రోటీనట. ఎముకల్లో చెడ్డ జబ్బు ఉంటే అట్లా వస్తుందట. మద్రాసులో మళ్ళీ చూపించుకోమన్నాడు.

వనజ అదిరిపోయి మురుగన్‌కు మొక్కుకుంది. నాకు మాత్రం భయం వేయలేదు.

15-6-83, తెల్లవారి

కలలో ఆ కాగితం పెద్దదైపోయింది. తిరుత్తణి కొండ మీద నుంచి చూస్తే కనపడే పొలాల మాదిరి. ఐదు గట్లు, ఆవల ఇంకొకటి. ఆ ఆరో గట్టు మీద నువ్వు. పంచె ఎగ్గట్టుకొని నిలబడినావు. మడిలో నీళ్ళు కదలలేదు. నువ్వు రమ్మనలేదు, రావద్దనలేదు. నేను మొదటి గట్టు దాటేసరికి పాలాయన తలుపు కొట్టినాడు.

17-6-83

పక్కింటి చెంచమ్మ బాల్వాడీలో ఆయా కదా. ప్రోటీను అనగానే నోరు నొక్కుకుంది. అయ్యో అక్కా, అది పప్పులో ఉండేది గదా, మా గోడ మీద బొమ్మ గూడా ఏసుండారు, పప్పు, గుడ్డు, పాలు, శెనక్కాయలు, ఇంగ అవేవీ నోట్లో పెట్టొద్దు, పెడితే ఆ గీత ఇంకా లావయిపోతాది అనింది.

వనజ పప్పుడబ్బా అటకెక్కించింది. గంజి, ఊరగాయ. నువ్వన్నా తినవే అంటే, నువ్వు తినంది నాకెట్ల దిగుతాది మా అని తనూ మానేసింది. పైగా నాకోసం మురుగన్‌కు కృత్తిక ఉపవాసాలు.

పప్పు లేకపోతే నువ్వు కంచం ముందర అలిగేవాడివి. ఇప్పుడు ఇంట్లో ఆ వాసనే లేదు.

2-7-83

నీరసం. మంచిదే.

11-7-83

మద్రాసు పెద్దాసుపత్రిలో మళ్ళీ తీసిన నెత్తురు రిపోర్టు ఈరోజు ఇచ్చినారు. అందులో ఐదే గీతలు. ఒకటి బాగా పలచన. చూస్తివా మా, పప్పు మానితే గీత ఎట్ల పారిపోయిందో అని వనజ చిన్నపిల్ల మాదిరి ఎగిరింది.

రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకొని చూసినాను. రెండూ నా నెత్తురే. ఒకదాంట్లో నువ్వున్నావు. ఇంకొకదాంట్లో లేవు.

అక్కడి డాక్టరమ్మ పేరు ఆరోగ్యమేరి. ఏది నిజమో తేలాలంటే ఇంకొకసారి చూడాలన్నది. ఆరోది మళ్ళీ కనపడితే ఎముకలోకి సూది వేస్తారట. వనజ కళ్ళు మూసుకొని దండం పెట్టుకుంది, కనపడకూడదని. పక్కనే కూర్చొని నేనూ పెట్టుకున్నాను. కనపడాలని.

ఈ మాట దానికి ఎట్లా చెప్పేది?

18-7-83

కలలో గట్టు కనపడింది. నువ్వు కనపడలేదు.

25-7-83

ఐదే. జబ్బు లేదు. సూది అక్కరలేదు.

డాక్టరమ్మ తమిళంలో నిదానంగా చెప్పింది. ఈ టెస్టుకు నెత్తురును గడ్డకట్టనిచ్చి, పైకి తేరిన తేటతో చేయాలట. మొదట తీసినవాళ్ళు గడ్డకట్టకుండా మందు వేసిన సీసాలో పట్టి పంపించినారట. అట్లా చేస్తే, గడ్డకట్టించే ప్రోటీను తేటలోనే మిగిలిపోయి ఇంకో గీత మాదిరి కనపడుతుందట. అది చెడ్డది కాదు. అందరిలో ఉండేదే. దెబ్బ తగిలితే నెత్తురు ఆపేది అదేనట.

పలచన గీత మాత్రం నిజం. నెలల తరబడి సరిగ్గా తినక వచ్చిందట.

వనజ పప్పు సంగతి చెప్పింది. డాక్టరమ్మకు నవ్వాగలేదు. కందిపప్పు పోయి నెత్తురులో గీతలు గీస్తుందా, అదేమన్నా లెక్కలు రాసే కణక్కుపిళ్ళా అని అడిగింది. ఉన్నట్టుండి నవ్వు మానేసి వనజ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. లోపల నెత్తురు లేక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. తల్లికి లేని జబ్బుకు బిడ్డ పథ్యమా అని నన్ను కోప్పడింది.

నేను చూడలేదు కోటిగా. నీ గట్టునే చూస్తూ ఉండిపోయినాను.

ట్రైనులో వనజ నా భుజం మీద నిద్రపోయింది. బరువే లేదు. ఏడుపు వచ్చింది. ఆ గట్టు లేదంటే ఇంక నువ్వు యాడ నిలబడతావు నాయినా?

ఆడి కృత్తిక పండగ, తిరుత్తణి

మురుగన్ కొండ మెట్ల నిండా పూల కావళ్ళు. అరోహరా అని ఒకటే కేక. వనజను ఉపవాసం ఉండవద్దన్నాను. సామికి కోపమొస్తాది మా అనింది. వస్తే నాతో మాట్లాడుకుంటాడులే అని ఇడ్లీ తినిపించి తీసుకొచ్చినాను.

కొండ మీద నుంచి కిందికి చూసినాను. ఎన్ని గట్లో. ఐదు కాదు, ఆరు కాదు. అన్నిటి మీదా ఎవరో ఒకరు నడుస్తూ ఉన్నారు. ఇంత దూరం నుంచి మొగాలు తెలియవు.

5-8-83

వనజా, పప్పుడబ్బా దించినాను. పొయ్యి మీద పప్పు వేడిగా ఉంది. నేను తిన్నాను. నెయ్యి వేసుకొని నువ్వూ బాగా తిను.