గ్యాస్ బండ పాఠం

సుజాతా,

ఆ రోజు పొద్దున క్లాసుకు బయల్దేరుతూ ఛాతీలో నొప్పి అన్నావు. ఆటోలో నా భుజం మీద తల వాల్చావు. దవాఖానకు చేరేసరికే నువ్వు లేవు. నేటికి ఏడాది.

హైటెక్ సిటీ దగ్గర మన శిక్షణ కేంద్రంలో సప్లయ్ చెయిన్ సర్టిఫికెట్ కోర్సును మారుస్తున్నారు. సరుకు నిండుకోకముందే ఆర్డర్ పెట్టాలని చెప్పడానికి నువ్వు వాడే గ్యాస్ బండ పాఠాన్ని తీసేద్దామంది కొత్త కోఆర్డినేటర్ మేరీ.

"ఇగ అన్నీ కంప్యూటరే చెప్తది కద సార్!"

"మీ ఇంట్లో బండ ఎప్పుడు బుక్ చేస్తారమ్మా?"

"అయిపోయినంక. పోయిన నెలంత కిరోసిన్ స్టవ్వే. మా అమ్మ ఒకటే తిట్లు" అని తనే నవ్వేసింది.

మన ఇంట్లో మొదటి బండ అయిపోయి రెండోది బిగించిన రోజే నన్ను గ్యాస్ ఆఫీసుకు తరిమేదానివి. "రెండోదీ అయ్యాక పరిగెత్తితే దాన్ని కంగారంటారండీ, ప్లానింగ్ అనరు" అనేదానివి. ఆ మాటే మేరీకి చెప్పాను.

"సరే, ఉంచుదాం సార్. మేడం చెప్పినట్టు ఎవరు చెప్తరు మరి?" అంది మేరీ.

నేను ప్రశ్నపత్రాలు తయారుచేసేవాణ్నే గానీ, క్లాసులో ఏనాడూ నోరు విప్పలేదని నీకు తెలుసు. అయినా ఆ పాఠం ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు.

రేపు పొద్దున మొదటి క్లాసు నేనే చెప్తాను.