పొద్దున ఏడింటికే

లాల్‌గడి మలక్‌పేట్,
బుధవారం.

బిడ్డ అశ్రితకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నామని రాయాలి. ఉన్నామని మాత్రం రాస్తున్నాను. నువ్వు హాస్టల్లో వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మీ నాయిన తింటున్నాడు. జావ, మెత్తగా పిసికిన అన్నం, అదీ ఎడమ చేత్తోనే. బీపీ గోలీలు ఒక్క పూట కూడా తప్పించడం లేదు. వ్యాయామం చేయించే అమ్మాయి వారానికి మూడుసార్లు వస్తోంది. కుడి కాలు కొంచెం కదులుతోంది, చెయ్యి ఇంకా చచ్చుబడే ఉంది. గుండ్లపోచంపల్లి గోడౌన్‌లో ఆయన వాచ్‌మన్ పనికి వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. మధ్యాహ్నం రెండింటికి పడిపోతే మూడింటికల్లా దవాఖానలో ఉన్నారు కదా, పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపు వేయాల్సిన, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎందుకు వేయలేదు, ఆ డాక్టర్ల సంగతి తేలుస్తానని రాశావు. వద్దు బిడ్డా. వాళ్ల తప్పేం లేదు. ఆదివారం ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. ఉన్నది ఒక్క గది, ఆయన వింటాడు. అందుకే రాస్తున్నాను.

రెండింటికి కాదు. పొద్దున ఏడింటికే మొదలైంది.

నైట్ డ్యూటీ దిగి గోడ పట్టుకుని వచ్చాడు. ఒక చెప్పు వాకిట్లోనే జారిపోయింది. ఏదో చెప్పబోతున్నాడు, నాలుక మడత పడుతోంది. నాకు ఒళ్లు మండింది. "సిగ్గు లేదా? బిడ్డకు నర్సింగ్ సీటొచ్చిన నాడు దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, మళ్ల కల్లు తాగొస్తవా?" అని గల్లీ అంతా వినేటట్టు తిట్టాను. ఆయన అడ్డంగా తల ఊపాడు, నా కొంగు పట్టుకున్నాడు. విడిపించుకుని, మంచం మీదికి నెట్టి, మత్తు దిగినాక తనే లేస్తాడులే అని విత్తనాల కంపెనీకి పనికి పోయాను. నా నోరు సంగతి నీకు తెలియంది కాదు.

రెండింటికి వచ్చేసరికి పక్కంతా తడిసి ఉంది, మూతి ఒక పక్కకు పోయింది. దవాఖానలో డాక్టరమ్మకు నిజమే చెప్పాను. సమయం దాటిపోయిందమ్మా అన్నది. నీకే అబద్ధం చెప్పాను. పద్దెనిమిదేళ్లు ఆ కల్లు వాసనతో కాపురం చేసిన దాన్ని, ఆ పొద్దు ఒక్కసారైనా నోటి దగ్గరికి వంగి వాసన చూడలేదు.

నిన్న మీ నాయినకు మొదటిసారి మాట వచ్చింది. నీ పేరే పిలుస్తున్నాడనుకుని మురిసిపోయి దగ్గరికి పోయాను.

"తాగలే" అన్నాడు.

అప్పటి నుంచి అదొక్కటే మాట. పాలు పోయడానికి వచ్చిన మొగులయ్యతోనూ అదే, వ్యాయామం చేయించే అమ్మాయితోనూ అదే. వాళ్లకు అర్థం కాక నవ్వి ఊరుకుంటున్నారు. "నాకెరుకనే, నువ్వు తాగలే" అని నేను ఎన్నిసార్లు చెప్పినా ముఖం గోడ వైపు తిప్పుకుంటున్నాడు. నన్ను నువ్వు ఏమన్నా అను, జన్మలో మాట్లాడకపోయినా సరే. ఒక్క రోజు సెలవు పెట్టి వచ్చి, నిన్ను నేను నమ్ముతున్న, నాయినా అని ఆయనకు చెప్పి పో.

ఇట్లు,
మీ అమ్మ
రోజారాణి